దసరాకు మొక్కిన ఇంజన్

మరకు మొక్కితే మర వింటుందా అని నవ్వేవాళ్ళకు దిల్‌సుఖ్‌నగర్‌లో కొదవ లేదు. ఆ నవ్వేవాళ్ళే దసరా పొద్దున బండి కడిగి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, కొబ్బరికాయ కొట్టి దండం పెడతారు. నవ్వు నవ్వే, భయం భయమే. సుమిత్రమ్మకు మాత్రం నవ్వే ఓపిక లేదు. ఆమెకున్నదల్లా ఒక్క భయం, అది కూడా పోయిన ఎండాకాలం నుంచి పట్టుకుంది. అందుకే ఈసారి దసరాకు ఆమె మొక్కింది బండికి కాదు, మూరెడు పొడవున్న బొమ్మ రైలింజన్‌కు.

బొమ్మ అన్నామని చులకన చేయకూడదు. అది ఒళ్ళు వంచి పనిచేసే ఇంజన్. కోచింగ్ సెంటర్లూ హాస్టళ్ళూ కిక్కిరిసిన సందులో ఆమె భర్త మట్టయ్యది ఒక టిఫిన్ సెంటర్. వంటగది కిటికీ దగ్గర మొదలై, గోడ పొడవునా, నిలబడి తినే బల్ల మీదుగా సన్నటి పట్టాలు చివరిదాకా పోతాయి. నల్లటి ఒళ్ళు, ఎర్రటి చక్రాలు, ముందు పొగగొట్టం. వెనక రెండు డబ్బాలు. ఒక డబ్బాలో ఇడ్లీ ప్లేటు, ఇంకో డబ్బాలో చట్నీ గిన్నె పెడితే వాటిని లాక్కుంటూ పోయి, అడిగినవాళ్ళ ముందు ఆగుతుంది. సర్కారు నౌకరీ కోసం పగలూ రాత్రీ పుస్తకాల్లో తల దూర్చిన పిల్లలు ఆ కాసేపూ చిన్నపిల్లలైపోయి ఫోన్లు పైకెత్తుతారు.

అది మట్టయ్య కొన్ననాటికే పాతది. ఆయన అప్పుడు ఆటో నడిపేవాడు. ఎల్బీనగర్ అవతల రింగురోడ్డు మీద రైళ్ళతో వడ్డించే పెద్ద హోటల్ ఒకటి ఉండేది. అక్కడికి కుటుంబాలను దింపి, గిరాకీ పోతున్నా పట్టించుకోకుండా అద్దంలోంచి ఆ రైళ్ళ వంక చూస్తూ నిలబడేవాడు. హోటల్ మూతపడ్డ రోజు పోయి ఒక ఇంజన్, రెండు డబ్బాలు, మూలన పడేసిన పట్టాలు తెచ్చుకున్నాడు. నల్గొండ నుంచి వచ్చిన చుట్టాలంతా నోళ్ళు నొక్కుకున్నారు. ఇంటికి ఫ్రిజ్ లేదు గానీ రైలు వచ్చిందన్నారు. ఆ రైలు వల్లే టిఫిన్ సెంటర్ నిలబడ్డాక అదే చుట్టాలు పిల్లలను వెంటేసుకొచ్చి మరీ తిన్నారు. లోకం తీరు అది, తప్పు పట్టి లాభం లేదు.

పోయిన ఎండాకాలం మట్టయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది. కాలు కొంత తిరిగొచ్చింది, నోరు సగం తిరిగొచ్చింది. మాట్లాడాలంటే ఒక్కో మాటనూ బావిలోంచి చేదినట్టు పైకి తీయాలి. చెయ్యి మాత్రం రాలేదు. దవాఖానలో వ్యాయామం చేయించే అమ్మాయి, వేళ్ళకు తిప్పే పని ఏదన్నా రోజూ ఇవ్వమని చెప్పింది. తిప్పే పని అనగానే మట్టయ్య ముఖం వెలిగింది. ఇంజన్‌ను నడిపేది ఒక చిన్న రెగ్యులేటరే, ఫ్యాన్‌కు ఉన్నట్టు. తిప్పితే కదులుతుంది, వెనక్కి తిప్పితే ఆగుతుంది.

అట్లా ఆయన మళ్ళీ తన స్టూలు మీదికొచ్చాడు. మొదట్లో ఎడమ చేత్తో కుడి చేతిని మోసుకొచ్చి రెగ్యులేటర్ మీద పెట్టేవాడు. ఇడ్లీ చల్లారేదాకా రైలు కదిలేది కాదు, అయినా కోచింగ్ పిల్లలు ఎవరూ విసుక్కోలేదు. వినాయక చవితి నాటికి ఆ చేతి రెండు వేళ్ళు రెగ్యులేటర్ చుట్టూ వాటంతటవే బిగుసుకోవడం సుమిత్రమ్మ ఒక్కతే కనిపెట్టింది. దిష్టి తగులుతుందని కొడుకు సాయినాథ్‌కు కూడా చెప్పలేదు. ఆ రాత్రి దిండులో ముఖం దాచుకుని ఏడ్చింది. సంతోషానికి ఏడవడం ఆమెకు చేతనవుతుందని అప్పటిదాకా ఆమెకే తెలియదు.

ఇక దసరా. ఆటోను దవాఖాన ఖర్చులకు అమ్మేశారు కాబట్టి ఇంట్లో పూజకు మిగిలిన బండి ఆ ఇంజన్ ఒక్కటే. ఏళ్ళ తరబడి ఆటోకు చేసిన మర్యాదలన్నీ సుమిత్రమ్మ దానికి చేసింది. తడిగుడ్డతో తుడిచింది. పసుపు పూసింది, కుంకుమ బొట్లు పెట్టింది, దండ వేసింది. చక్రాలకు సరిపోయే నిమ్మకాయ దొరకక ఒక ఉసిరికాయ పెట్టి తొక్కించింది. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళను ఆ ముద్దుల ఇంజన్ నెత్తిన అభిషేకంలా పోసింది. మట్టయ్య తన స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని లోపల అనుకుంది: "తల్లీ, గీ ఇంజన్ నడిచినట్టు మా ఆయన చెయ్యి నడవాలె. ఇది నడిచినన్ని దినాలు ఆయన చెయ్యి ఆగొద్దు."

మొక్కు మంచిదే. కానీ మొక్కుకు ఇంకో వైపు కూడా ఉంటుంది. ఇంజన్‌కూ చేతికీ ముడి వేశాక, ఒకటి ఆగితే రెండోదాని సంగతేమిటో ఆమె ఆలోచించలేదు.

దసరా మర్నాడు దుకాణం తెరిచారు. మొదటి ప్లేటు ఎక్కించారు. మట్టయ్య కుడి చెయ్యి రెగ్యులేటర్ మీద పెట్టి, పళ్ళు బిగబట్టి తిప్పాడు. ఇంజన్ మూడు ఇడ్లీలను లాక్కుంటూ బల్ల సగందాకా పోయి, ఒక్కసారి గింజుకుని ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది. పొగగొట్టంలోంచి నిజంగానే పొగ వచ్చింది. తినేవాళ్ళలో ఒకడు చప్పట్లు కొట్టాడు, పాపం, అది కూడా ఆటలో భాగమే అనుకున్నాడు.

సాయినాథ్ దోశ పెనం దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు. పొద్దున నాలుగింటికి లేచి పిండి పట్టుకుని, అందరి పనీ తనొక్కడే మోస్తున్న కొడుకు. చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. అలిసిపోయినవాళ్ళ నోటికి కంచె ఉండదు.

"ఎంత తిప్పినవ్ నాయినా? ఒక్కసారే మొత్తం తిప్పినవ్ గద! చాతగాని చెయ్యితోటి ఎందుకు ముట్టుకుంటవ్? ఇగ దాని జోలికి పోకు."

మట్టయ్య పెళ్ళాం ముఖంలోకి ఒకసారి చూశాడు. ఆమె తల దించుకుంది, ఎందుకంటే ఆమె కూడా అదే అనుకుంది. ఆ తర్వాత ఆయన ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తువ్వాలు కప్పాడు.

ఆ తువ్వాలు మళ్ళీ తీయలేదు. దుకాణానికి రానన్నాడు. మన్సూరాబాద్‌లో వాళ్ళు కిరాయికుండే ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం ఎడమ చేత్తో తినేవాడు. వేళ్ళకు నూనె రాస్తానని సుమిత్రమ్మ కూర్చుంటే వద్దని తల అడ్డంగా ఊపేవాడు. బిగుసుకోవడం నేర్చిన ఆ రెండు వేళ్ళు మళ్ళీ వేలాడిపోవడం ఆమె చూసింది. ఇంజన్ ఆగింది, చెయ్యి ఆగింది. తను వేసిన ముడి తననే ఉరి వేస్తోంది.

ఇంతలో సాయినాథ్ ఫోన్‌లో కొత్త రైలు చూపించాడు. దానికి రెగ్యులేటర్ లేదు. ఏ చోట ఆగాలో ఫోన్‌లో నొక్కితే చాలు, అదే పోతుంది, అదే ఆగుతుంది, అదే తిరిగొస్తుంది.

"మంచిగున్నది గదమ్మా? దాని కాడ మనిషి కూసునే పనే లేదు," అన్నాడు.

కొడుకు మంచి మనసుతోనే అన్నాడు. సుమిత్రమ్మకు మాత్రం స్టూలు ఖాళీ అయిపోయినట్టు కనబడింది.

"కొత్తది ఒద్దు. గీ ఇంజన్‌నే బాగుచేయించు."

"గిది ఎప్పటిదమ్మా! మనం తెచ్చినప్పుడే సగం సచ్చి ఉండె. మిక్సీలు బాగుచేసేటోనికి చూపిచ్చిన. ఇప్పి చూడకుండనే మాకు తెల్వదన్నడు. గింత పరేషాన్ ఎందుకు నీకు?"

ఎందుకో ఆమె చెప్పలేదు. మొక్కు బయటికి చెబితే ఫలించదని ఒక భయం, ఫలించకుండానే పోయిందేమోనని ఇంకో భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "ఇది బాగైతెనే నేను దుకాణంల కాలు పెడత," అని మాత్రం తెగేసి చెప్పింది. చట్నీ ఆమె చేతిది. సాయినాథ్ దిగిరాక తప్పలేదు.

దుకాణానికొచ్చే పిల్లల్లో ఒకరు నాగోల్‌లో రామమోహనరావు అనే ఆయన సంగతి చెప్పారు. భీమవరం వైపు మనిషి, బీమా ఆఫీసులో పనిచేసి రిటైరై, మేడ మీద గది నిండా బొమ్మ రైళ్ళు పెట్టుకున్నాడట. దీపావళి ముందటి ఆదివారం, పొద్దుటి టిఫిన్ గిరాకీ అయ్యాక, తల్లీకొడుకులు అడిగి తెచ్చుకున్న బండి మీద బయలుదేరారు. సుమిత్రమ్మ ఇంజన్‌ను పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

రామమోహనరావు తలుపు తీసి, సంగతి విని, చీర విప్పి, వేలితో చక్రాలు తడిమి చూశాడు. పెద్దమనిషి, మాటల మనిషి.

"నా దగ్గరున్నవన్నీ షోకు చేసుకునేవండి. ఇది కూలి చేసిన బండి. చూడండి, చక్రాలు ఎంత అరిగాయో! ఇన్నేళ్ళు ఇడ్లీలు మోసిందంటే మాటలు కాదు." తర్వాత గొంతు తగ్గించాడు. "నా మాట వింటే కొత్తది తీసుకోండమ్మా. వీటికి సామాన్లు ఎక్కడా దొరకవు. బాగుచేసినా పూర్వంలా ఉండదు. ఊరికే ఆశ పెట్టడం నాకిష్టం ఉండదు."

"నేనూ గదే జెప్తున్న సార్," అన్నాడు సాయినాథ్.

"తెరిచి చూడుండ్రి సారూ," అంది సుమిత్రమ్మ. "లోపట ఏమైందో చూసి చెప్పుండ్రి. అటెనక మీరు ఏదంటే గదే."

ఆయన కళ్ళజోడు సవరించుకుని, మర్యాదగా, ఒక్కొక్క స్క్రూ తీసి వరసగా పళ్ళెంలో పెట్టాడు. నల్లటి తొడుగు పైకెత్తాడు. ఎత్తి ఆగాడు.

లోపల మోటారు కనబడలేదు. ఎర్రటి బురద ఎండి గట్టిపడి ఉంది. కుంకుమా పసుపూ కలిసి పళ్ళచక్రాల సందుల్లో అతుక్కుపోయాయి. ఆ ఎర్రటి అడుసులో చచ్చిన చీమలు, లెక్కలేనన్ని. పొగగొట్టం అడుగున ఒక కొబ్బరి పీచు. రామమోహనరావు దాన్ని పట్టుకారుతో తీసి వెలుతురులో చూశాడు.

"ఇదేంటి? దీని మీద కొబ్బరినీళ్ళు గానీ పోశారా?"

సాయినాథ్ తల్లి వంక చూశాడు.

"తీపికి చీమలు పట్టాయి," అన్నాడాయన, వాళ్ళ ముఖాలు చూడకుండా పనిలో పడి. "పొగగొట్టం లోంచి నీళ్ళు తిన్నగా మోటారులోకే పోయాయి. ఆ తర్వాత కరెంటు ఇవ్వగానే కాలిపోయి ఉంటుంది."

సాయినాథ్ మెల్లగా అడిగాడు. "సార్, రెగ్యులేటర్ ఒక్కసారే మొత్తం తిప్పితే గిట్ల కాలదా?"

"భలేవారే! ఎంత తిప్పినా బండి జోరుగా పోతుంది, పట్టాలు తప్పితే కింద పడుతుంది. అంతేగానీ మోటారు కాలదు. నడిపినవాళ్ళ తప్పేం లేదిందులో."

సుమిత్రమ్మ పక్కనున్న కుర్చీ పట్టుకుని కూర్చుంది. మట్టయ్య చేతి కోసం మొక్కి, ఆ మొక్కుతోనే ఇంజన్ గొంతు నులిమింది. ఆపైన నింద తెచ్చి ఆ చేతి మీదే వేశారు. తను వేయలేదు, నిజమే. వేస్తుంటే తల దించుకుని ఊరుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు, ఆ రోకలి ఎత్తిన చెయ్యి తనదే.

రామమోహనరావుకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఆయన ఇంక కొత్తది కొనమనలేదు. "నా దగ్గర ఇంచుమించు ఇదే కొలత మోటారు ఒకటుందమ్మా. కడిగి, అది వేసి ఇస్తాను. కానీ పళ్ళచక్రం అరిగిపోయింది, దానికి మందు లేదు. రెండు డబ్బాలు లాగలేదు. ఒక్కటి లాగుతుంది, అదీ నెమ్మదిగా. మీ దుకాణానికి అది పనికొస్తుందో లేదో మీరే ఆలోచించుకోండి."

"మా ఆయనను అడిగి ఒస్తం సారూ," అంది ఆమె. ఇంజన్‌ను మళ్ళీ చీరలో చుట్టుకుంది.

తిరిగొస్తూ ఎల్బీనగర్ ఫ్లైఓవర్ కింద సాయినాథ్ బండి పక్కకు తీసి ఆపాడు. పైనుంచి లారీల మోత. అతను వెనక్కి తిరగలేదు.

"అమ్మా, నాయినకు ఈ సంగతి జెప్పకు. మోటర్ పాతదై కాలిందని నేను జెప్త. నీ మీదికి రాదు, ఆయన మీదికి రాదు."

ఎంత పెద్దవాడయ్యాడో అనుకుంది ఆమె. అబద్ధం చెప్పైనా తల్లిని కాపాడుకునేంత పెద్దవాడు. అయినా తల అడ్డంగా ఊపింది.

"ఆయన చెయ్యి మీద పడ్డ మాట ఉత్తగ పోదు బిడ్డా. నేను పోసిన అని నేనే జెప్పాలె. తిడితే తిట్టనియ్యి. కోపంతోటన్న లేసి కూసుంటడేమో."

సాయినాథ్ బండి తీశాడు. ముందు అద్దంలో అతని కళ్ళు తడిగా ఉండటం ఆమె చూసింది, చూడనట్టు ముఖం తిప్పుకుంది.

ఇంట్లో మట్టయ్య గోడవైపు తిరిగి ఉన్నాడు. సుమిత్రమ్మ చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కోకుండానే పోయి మంచం పక్కన కింద కూర్చుంది. చీర విప్పి, తెరిచిన ఇంజన్‌ను, ఆ ఎర్రటి అడుసునూ చీమలనూ ఆయనకు కనబడేలా పెట్టింది. సాయినాథ్ గడపలోనే నిలబడ్డాడు.

"ఇగో, ఇటు తిరుగు. నీ చెయ్యి తప్పు కాదు. నేనే కొబ్బరి నీళ్ళు పోసిన. పొగగొట్టంల పోసిన. గవ్వే లోపటికి పోయి కాలింది. నీ చెయ్యి ఏం జెయ్యలే."

ఆయన ఇటు తిరిగాడు. ఇంజన్ వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ముఖంలో ఆశ్చర్యం లేదు. కోపం కూడా లేదు.

"ఎర్కే," అన్నాడు.

"ఏం ఎర్క?"

"నువ్వు... పోసుడు... చూసిన."

సుమిత్రమ్మ కసిరింది. "చూస్తివా? చూసి ఒద్దని ఎందుకనకపోతివి?"

"నోరు... లేసేసరికి... పోసినవ్."

అది నిజమే. ఆ రోజు ఆమె చూపంతా ఇంజన్ మీదే ఉంది, తర్వాత కళ్ళు మూసుకుంది. స్టూలు మీద మనిషి ఒక్క మాట పైకి తీయడానికి ఎంత పెనుగులాడాడో ఆమె చూడలేదు.

"పోనీ, తెల్లారి? సాయిగాడు గంత మాట అన్ననాడు? నా దిక్కు చూస్తివి గద! గప్పుడన్న చెప్పకపోతివి? ఇన్ని దినాలు గా నింద మోసుకుంట పండుకుంటివా?"

మట్టయ్య కళ్ళతో ఇంజన్ వైపు చూపించాడు.

"నడుస్తదా?"

"సారు నడిపిస్త అన్నడు నాయినా," సాయినాథ్ గడపలోంచే అన్నాడు. "మోటర్ ఏస్తడంట. కని మునుపటి లెక్క ఉండదంట. ఒక్క డబ్బనే గుంజుతదంట, అదీ నిమ్మళంగ. కొత్తది తెమ్మంటే కొత్తది తెస్త. నువ్వు ఎట్లంటే గట్ల."

మట్టయ్య చాలాసేపు ఆలోచించాడు, లేక చాలాసేపు మాటను పైకి లాగాడు. రెండూ ఒకేలా కనబడతాయి ఆయనలో.

"ఇదే," అన్నాడు. "ఒక్క డబ్బ... చాలు."

సాయినాథ్ వచ్చి, ఇంజన్ తీసుకుని, తండ్రి కాళ్ళ దగ్గర ఒక్క క్షణం వంగాడు. దండం పెట్టాడో, ఇంజన్ చుట్టిన చీర సర్దాడో సుమిత్రమ్మకు సరిగా కనబడలేదు. బండి నాగోల్ వైపు తిరిగి పోయిన చప్పుడు వినబడింది.

ఇద్దరే మిగిలారు. సుమిత్రమ్మ కదల్లేదు. ఆమెకు జవాబు కావాలి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నింద మోసే మనిషి కాదు. ఆటో అద్దం మీద గీత పడితే సందంతా పంచాయితీ పెట్టిన మనిషి.

"నువ్వు చెప్పాలె," అంది. "ఎందుకు మోసినవ్?"

ఆయన పెదవులు కదిలాయి. ఒక వైపు కదిలాయి, ఇంకో వైపు వాటి కోసం ఆగింది. ఆమె తొందరపెట్టలేదు, ఈసారి కళ్ళు మూసుకోలేదు కూడా. ముఖం దగ్గరగా పెట్టి ఒక్కొక్క మాటనూ అందుకుంది.

"చెప్తే... నువ్వు... మల్ల మొక్కవు."

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సుమిత్రమ్మ ఆ మంచం పట్టీ మీద తల పెట్టి బావురుమంది. ఆశ వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్నాడని తను కుమిలిపోయిన మనిషి, తన పెళ్ళాం ఆశ ఎక్కడ తెగుతుందోనని కావలి కాశాడు. చచ్చుబడ్డ చెయ్యే కదా, ఇంకొక నింద పడితే దానికేం నొప్పి అనుకున్నట్టున్నాడు. నొప్పి పుట్టింది. పుట్టినందుకే తువ్వాలు కప్పుకున్నాడు. అయినా నోరు విప్పలేదు.

ఏడుపు తీరాక ఆమె లేచి తలుపు చేరవేసింది. నూనె గిన్నె వెచ్చబెట్టుకొచ్చింది. తువ్వాలు తీసి పక్కన పెట్టింది, ఆయన వద్దనలేదు. కుడి చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. చల్లగా, బరువుగా, పరాయి మనిషి చెయ్యిలా ఉంది. చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి రాయసాగింది.

"మొక్కుత," అంది, ముక్కు ఎగబీల్చి. "వచ్చే దసరాకు కూడ మొక్కుత. నీళ్ళు మాత్రం పొయ్య."

మట్టయ్య నవ్వాడు. నోరు ఒక పక్కకే పోయింది. సుమిత్రమ్మ తల వంచుకుని రెండో వేలు అందుకుంది.